సముద్రానికి ఎన్ని శాల్తీలు?

ఎండలు ముదిరి పిల్లల పరీక్షలు అయిపోయాయంటే చాలు, మా వైపు రోడ్లన్నీ సముద్రం దారి పడతాయి. హైదరాబాదు నుంచీ, విజయవాడ నుంచీ, గుంటూరు నుంచీ రాత్రికి రాత్రి బయల్దేరిన కార్లూ వ్యానులూ తెల్లవారేసరికి బాపట్ల దాటి సూర్యలంక ముఖం పట్టి ఉంటాయి. కొన్ని చీరాల మీదుగా వాడరేవుకీ, రామాపురానికీ పోతాయి. బందరు వాళ్ళకి మంగినపూడి ఉంది, నెల్లూరు వాళ్ళకి మైపాడు, ఒంగోలు వాళ్ళకి కొత్తపట్నం, నర్సాపురం వైపు వాళ్ళకి పేరుపాలెం. విశాఖ వాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు, వాళ్ళకి సముద్రం వీధరుగు లాంటిది. నా సర్వీసులో చాలా భాగం ఇలాంటి తీరాలకి దగ్గర్లో ఉన్న సర్కారు ఆస్పత్రుల్లోనే గడిచింది. అంచేత సముద్రం చూసి ఆనందించి ఇంటికి వెళ్ళేవాళ్ళ కంటే, అక్కడ ఏదో ఒకటి తెచ్చుకుని మా దగ్గరికి వచ్చేవాళ్ళనే నేను ఎక్కువగా చూశాను. "సముద్ర స్నానం ఒంటికి మంచిదేనా డాక్టరు గారూ?" అని అడుగుతూ ఉత్తరాలు వస్తుంటాయి. మంచిదే. ఆరోగ్యంగా ఉన్నవాడికి శుభ్రమైన ఉప్పునీళ్ళ వల్ల వచ్చే నష్టమేమీ లేదు. మనం అక్కడికి మోసుకెళ్ళేవాటి గురించీ, అక్కడ వదిలిపెట్టి వచ్చేవాటి గురించీ మాత్రం కొంచెం మాట్లాడుకోవాలి.

కిందటి వేసవిలో ఒక ఆదివారం డ్యూటీ లేక ఊరికే ఒడ్డున నడుస్తూ, ఒక కుటుంబం సామాను దించుకోవడం నిలబడి చూశాను. నాడి లెక్కపెట్టీ పెట్టీ డాక్టర్లకి ఏది కనిపించినా లెక్కపెట్టే జబ్బొకటి పట్టుకుంటుంది. మనుషులు 9 మంది. శాల్తీలు 23. అందులో జంపఖానాలు రెండు, మడత కుర్చీలు నాలుగు, దేవుడి ఊరేగింపులో పట్టే గొడుగంత రంగుల గొడుగు, ఐసు పెట్టె, 20 లీటర్ల నీళ్ళ డబ్బా, బుల్లి సిలిండరుతో సహా గ్యాసు పొయ్యి, బిర్యానీ ఉన్న హాట్‌బాక్సు, ఎవరి పుట్టినరోజో కేకు, చిన్న బీరువా అంత పాటల డబ్బా, క్రికెట్టు సరంజామా, గాలి ట్యూబులు, సెల్‌ఫోను నిలబెట్టుకునే మూడుకాళ్ళ స్టాండు. మనిషికి మూడేసి జతల బట్టలు సరేసరి. ఇన్ని ఉన్నాయి గాని ఒక్కరి నెత్తిన టోపీ లేదు. పెద్దాయన చేత చెప్పులు కారులోనే విప్పించేశారు. ఆ చెప్పుల సంగతి తర్వాత చెబుతాను.

మా చిన్నప్పుడు మా నాన్నగారు మమ్మల్ని నలుగురినీ బస్సులో తీసుకెళ్ళేవారు. ఒక మరచెంబు, రెండు తువ్వాళ్ళు, అరిటాకులో కట్టిన పులిహోర. అంతే. మునిగి లేచి, ఆ తడి బట్టలు ఒంటి మీదే ఆరేదాకా ఇసకలో ఆడుకుని తిరిగొచ్చేవాళ్ళం. ఆ రోజులు గొప్పవని చెప్పడం నా ఉద్దేశం కాదు. అప్పుడూ పిల్లలు మునిగిపోయేవాళ్ళు, 108 బండ్లు లేని రోజులు గనక అసలు ఆస్పత్రి దాకా వచ్చేవాళ్ళు కూడా కారు. కాని మా నాన్నగారికి కాపలా కాయడానికి సామాను లేదు. ఆయన మోకాలి లోతు నీళ్ళలో పంచె ఎగ్గట్టి నిలబడి, మా నాలుగు తలకాయలూ లెక్కపెట్టుకుంటూ ఉండేవారు. ఆయనకి చెయ్యడానికి ఇంకో పని లేదు.

ఇరవై మూడు శాల్తీలు తెచ్చినవాళ్ళకి పని ఉంటుంది. గొడుగు గాలికి లేచిపోకుండా పట్టుకోవాలి. కుక్కలు హాట్‌బాక్సు మూతి నాకకుండా చూడాలి. పర్సులూ, సెల్‌ఫోన్లూ, మెళ్ళో తీసిన గొలుసులూ ఒక సంచీలో వేసి ఎవరో ఒకరు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. పొయ్యి వెలిగించాలి. ఇలా ఉన్న పెద్దవాళ్ళందరూ సామానుకి అతుక్కుపోతారు. నీళ్ళలో ఉన్న పిల్లలని చూడవలసిన కళ్ళు చాప మీద ఉంటాయి.

మునిగిపోయిన పిల్లలని తెచ్చినప్పుడు, హడావుడి అంతా అయ్యాక, "అప్పుడు పిల్లాణ్ణి ఎవరు చూస్తున్నారమ్మా?" అని అడుగుతాను. "అందరం అక్కడే ఉన్నామండీ" అనేదే ఎప్పుడూ వచ్చే జవాబు. అది అబద్ధం కాదు, నిజంగానే అందరూ అక్కడే ఉంటారు. ఎవరో చూస్తున్నారులే అని ఎవరికి వారే అనుకుంటారు. దానికి తోడు మునిగిపోవడం సినిమాల్లో చూపించినట్టు ఉండదు. చేతులెత్తి కేకలు వెయ్యడం ఉండదు. నోరు నీళ్ళలోకి దిగుతూ పైకి వస్తూ ఉన్నవాడికి ఊపిరి తీసుకోవడానికే వ్యవధి చాలదు, ఇక కేక ఎక్కణ్ణించి వస్తుంది? చేతులు రెండు పక్కలా నీళ్ళని కిందికి నొక్కుతూ ఉంటాయి, తల వెనక్కి వాలి ఉంటుంది. చూసేవాళ్ళకి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. చిన్నపిల్లలైతే ఒక్క నిమిషం లోపలే అయిపోతుంది.

కొన్నేళ్ళ కిందట ఒక ఏడేళ్ళ పిల్లవాణ్ణి తెచ్చారు. గాలి ట్యూబు వేసుకుని నీళ్ళలో ఉన్నాడు. తండ్రి ఏదో మరిచిపోయామని కారు దగ్గరికి వెళ్ళాడు. మేనమామ పొయ్యికి గాలి అడ్డం పెడుతున్నాడు. తల్లి ప్లేట్లు సర్దుతోంది. నాయనమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న జాలరి ఒకాయన ఖాళీ ట్యూబు తేలడం చూసి దూకి బయటికి తెచ్చాడు. తెచ్చాక ఒకరు కాళ్ళు పట్టుకుని తలకిందులుగా గిరగిరా తిప్పారు, మరొకరు భుజాన వేసుకుని పరిగెత్తారు, ఇంకొకరు పొట్ట మీద నొక్కారు. ఆస్పత్రికి తీసుకుపోదామంటే కారు తాళాలు ఏ సంచీలో ఉన్నాయో తెలియలేదు. తడి బట్టల సంచీ అడుగున దొరికాయట. మా దగ్గరికి చేరేసరికి 25 నిమిషాలు గడిచాయి. మేము ముప్పావుగంట ప్రయత్నించాం. లాభం లేకపోయింది. ఆ నాయనమ్మ మా వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది, సంచీ అప్పటికీ ఒళ్ళోనే ఉంది. అందరి ఫోన్లూ, పర్సులూ, గొలుసులూ భద్రంగా ఉన్నాయి. ఒక్కటీ పోలేదు.

వాళ్ళని తప్పుపట్టాలని ఇది రాయడం లేదు. వాళ్ళు చేసిందే మనందరం చేస్తాం. అందుకే నేను ఎవరికైనా చెప్పే మొదటి మాట ఇది: సముద్రానికి వెళ్ళేటప్పుడు సామానుకి కాదు, పిల్లలకి కాపలా మనిషిని నియమించుకోండి. పేరు పెట్టి, నోటితో చెప్పి నియమించాలి. "ఏమండీ, ఇప్పుడు మీ వంతు" అంటే ఆయన వంతే. ఆ వంతులో ఉన్నవాళ్ళు ఫోను ముట్టుకోకూడదు, కబుర్లు చెప్పకూడదు. 15 నిమిషాలకోసారి మనిషి మారాలి, అంతకుమించి ఎవరికీ దృష్టి నిలవదు. బుల్లిపిల్లలైతే చెయ్యి చాపితే అందేంత దూరంలో మీరూ నీళ్ళలో ఉండాలి. గాలి ట్యూబులు ఆటవస్తువులు, ప్రాణరక్షణ సాధనాలు కావు. పిల్లవాడు అందులోంచి జారిపోతాడు, లేదా ఒడ్డు నుంచి సముద్రం వైపు గాలి వీచినప్పుడు ట్యూబుతో సహా లోపలికి పోతాడు. వాటిని ఇంటి దగ్గరే వదిలేస్తే రెండు శాల్తీలు తగ్గుతాయి.

మునిగినవాణ్ణి బయటికి తీశాక ఏం చెయ్యాలో కూడా చెప్పుకుందాం. తలకిందులుగా వేలాడదియ్యడం, పొట్ట నొక్కడం పనికిరావు. పొట్ట నొక్కితే వచ్చే నీళ్ళు ఎక్కువగా కడుపులోవి, ఊపిరితిత్తుల్లోవి కావు. పైగా కడుపులో ఉన్నది గొంతులోకి ఎగదన్ని శ్వాసనాళంలోకి దిగుతుంది. ప్రాణవాయువు అందని మెదడు 4 నుంచి 6 నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది గనక, అలా పోగొట్టే ప్రతి నిమిషమూ పిల్లవాడిదే. ఊపిరి లేకపోతే అక్కడే, ఇసక మీదే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి, రొమ్ము పైకి లేచేటట్టు 5 సార్లు ఊపిరి ఊదాలి. గుండె జబ్బుతో పడిపోయినవాడికి రొమ్ము నొక్కడం ముందు, నీళ్ళలో మునిగినవాడికి ఊపిరి ముందు. ఇతనికి కరువైంది గాలి. అయిదు ఊపిర్లకీ చలనం లేకపోతే రొమ్ము నడిమి ఎముక కింది సగం మీద అరచెయ్యి పెట్టి 30 సార్లు నొక్కడం, 2 సార్లు ఊదడం. నొక్కడం నిమిషానికి 100 నుంచి 120 చొప్పున, పెద్దవాళ్ళకి రెండంగుళాలు దిగేటట్టు, పిల్లలకి రొమ్ము మందంలో మూడో వంతు. ఒకరు ఈ పనిలో ఉండగా ఇంకొకరు 108 కి ఫోను చెయ్యాలి. పిల్లవాడు తేరుకున్నా, "వాడు బాగానే ఉన్నాడండీ, లేచి కూర్చున్నాడు" అని ఇంటికి తీసుకుపోకండి. నీళ్ళు మింగి దగ్గుతున్నవాణ్ణి, ఆయాసపడుతున్నవాణ్ణి కనీసం 6 నుంచి 8 గంటలు ఆస్పత్రిలో కనిపెట్టి ఉండాలి. ఊపిరితిత్తుల్లో నెమ్ము ఆలస్యంగా పైకి తేలవచ్చు. ఇదంతా చదివితే రాదు, చేత్తో చేసి నేర్చుకోవాలి. రెడ్‌క్రాసు వాళ్ళు నేర్పుతారు, ఒక పూట పని.

ఇక ఎక్కడ దిగాలి అన్నది. మనవాళ్ళు పెద్ద అలలు చూసి భయపడి, అలలు లేని చోటు చూసి దిగుతారు. అది సరిగ్గా తలకిందుల లెక్క. ఒడ్డుకి కొట్టిన నీళ్ళన్నీ మళ్ళీ వెనక్కి పోవాలి గదా, అవి ఇసకలో పడిన ఒక కాలవ లాంటి పల్లం వెంట ఒక్కచోట నుంచి లోపలికి పోతాయి. అక్కడ అల విరగదు, నీళ్ళు ముదురు రంగులో, నునుపుగా, శాంతంగా కనిపిస్తాయి. ఇంగ్లీషులో రిప్ కరెంట్ అంటారు. గట్టిగా ఉన్నప్పుడు సెకనుకి 2 మీటర్ల దాకా వేగం ఉంటుంది, ఒలింపిక్సులో బంగారు పతకం కొట్టినవాడు కూడా దానికి ఎదురీదలేడు. ఎదురీది అలిసిపోయి మునిగేవాళ్ళే ఎక్కువ. అందులో పడితే కంగారుపడకుండా తేలుతూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. ఆ కాలవ వెడల్పు ఎంతో ఉండదు, దాటాక అలలే మిమ్మల్ని ఒడ్డుకి తోస్తాయి. ఈత రాకపోతే తేలుతూ ఒక చెయ్యి ఎత్తి ఊపండి. హైదరాబాదులో ఉన్న సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్ అంటారు, రోజూ అలల హెచ్చరికలు ఇస్తుంది. వెళ్ళేముందు ఫోనులో ఒకసారి చూసుకోవచ్చు.

అంతకంటే దగ్గర దారి ఒకటుంది. అక్కడున్న జాలరిని అడగడం. నేను ఎప్పుడు వెళ్ళినా, "ఏం పెద్దాయనా, ఇవ్వాళ నీళ్ళెలా ఉన్నాయి?" అని ఒక మాట అడుగుతాను. "అటేపు దిగమాకండి డాక్టరు గారూ, మొన్న వాయుగుండానికి గుంట పడింది, లోనకి లాగుద్ది. ఆ సరుగుళ్ళకి ఎదురుగా అయితే పరవాలేదు" అని చెబుతాడు. అదే మనిషి బట్నం నుంచి వచ్చినవాళ్ళకి చెప్పబోతే, "నీకెందుకోయ్" అనిపించుకుంటాడు. "సెపితే ఇనరండీ, మళ్ళీ తీసేది మేమే" అని ఒకాయన నాతో అన్నాడు. మనకి అది విహారస్థలం గాని, వాళ్ళకి అది ఇంటి వాకిలీ, పొలమూ, కళ్ళమూ. ఆరేసిన వల మీద చాప పరిచి కూర్చోవడం, పడవ ఎక్కి చెప్పుల కాళ్ళతో ఫోటోలు దిగడం, ఎండబెట్టిన చేపల పక్కన ముక్కు మూసుకుని కేకలు పెట్టడం ఎలాంటివో మీరే ఊహించుకోండి. మీ పెరట్లోకి ఎవరో వచ్చి వడియాల గుడ్డ మీద కూర్చున్నారనుకోండి, ఏమంటారు?

పాటల డబ్బా గురించి నాకు కొంచెం పట్టుదల ఉంది, క్షమించండి. అది పక్కవాళ్ళకి చికాకు అన్నది ఒక సంగతి. అది మోగుతుంటే నీళ్ళలోంచి ఎవరు పిలిచినా వినపడదు, కాపలావాళ్ళ ఈల వినపడదు. సముద్రం హోరే చాలు, దాని మీద మళ్ళీ హోరెందుకు? అలాగే స్నానం చేస్తున్న ఆడవాళ్ళ వైపు ఫోను తిప్పి నిలబడే కుర్రవాళ్ళని చూసీ చూడనట్టు ఊరుకోకూడదు. పక్కనున్న పెద్దవాళ్ళు ఒక మాట అంటే చాలు, వాళ్ళు సర్దుకుంటారు.

మందు తాగి నీళ్ళలో దిగడం గురించి ఎంత చెప్పినా తక్కువే. మత్తులో ఉన్నవాడికి లోతు తెలియదు, చలి తెలియదు, తన బలమెంతో అసలే తెలియదు. తాగిన సీసా ఏం చేస్తారు? ఇసకలో గుచ్చుతారు, లేదా పగలగొడతారు. సెలవు రోజుల మర్నాడు మా డ్రెస్సింగు గదిలో తెగిన కాళ్ళు వరసగా ఉంటాయి. ఇసకలో గాజు పెంకు పైకి కనిపించదు, ఎక్స్‌రేలో చూసి తియ్యాల్సి వస్తుంది. కాలు తెగితే మంచినీళ్ళ ధార కింద బాగా కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి కట్టి తీసుకురండి. పసుపూ, కాఫీపొడీ, ఇసకా పెట్టకండి. ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు చేయించుకున్నారో గుర్తులేకపోతే అదే చెప్పండి, మేము చేస్తాం.

సీసాల కంటే దొంగ శత్రువు ఇంకొకటుంది. మొక్కజొన్న పొత్తులో, చేపలో కాల్చుకుని, పోయేముందు నిప్పుల మీద ఇసక కప్పేసి పోతారు. శుభ్రం చేసి పోయామనే వాళ్ళ నమ్మకం. కాని ఇసక కప్పిన బొగ్గు ఆరదు, గంటల తరబడి లోపల కణకణలాడుతూనే ఉంటుంది. పైకి చూస్తే మామూలు ఇసక. సాయంకాలం పరిగెత్తుకొచ్చే పసివాడు అందులో కాలు పెడతాడు. నిప్పులని బకెట్లతో నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోసి చల్లార్చాలి. పిల్లలు ఇసకలో గోతులు తవ్వి ఒకణ్ణి మెడదాకా కప్పెట్టే ఆట కూడా మాన్పించండి. మోకాలి లోతు దాటిన గొయ్యి కూలితే ఊపిరాడదు.

ఇప్పుడు ఆ పెద్దాయన చెప్పుల సంగతి. గంగమ్మ తల్లి దగ్గరికి చెప్పులతో పోకూడదని చాలామంది పెద్దవాళ్ళు కారులోనే విప్పేస్తారు. మే నెల మధ్యాహ్నం పొడి ఇసక వేడి 50 డిగ్రీలు దాటుతుంది. మామూలు మనిషి గెంతుకుంటూ పరిగెత్తుతాడు. చాలా ఏళ్ళుగా చక్కెర జబ్బు ఉన్నవాళ్ళలో కొందరికి పాదాల్లో స్పర్శ పోతుంది, వాళ్ళు మెల్లిగా, హాయిగా నడుచుకుంటూ పోతారు. ఒక రిటైరైన మాస్టారు అలా కారు దగ్గర్నుంచి నీళ్ళదాకా నడిచారు. ఎంతో దూరం కాదు, రెండు వందల అడుగులు. రాత్రి ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కునేటప్పుడు అరికాళ్ళ చర్మం ఊడి వస్తుంటే చూసుకున్నారు. నొప్పి లేదు గదా అని నాలుగు రోజులు ఆగి వచ్చారు. నెలన్నర కట్లు కట్టాం, ఒక వేలు తీసెయ్యక తప్పలేదు. చక్కెర ఉన్నవాళ్ళు నీళ్ళ అంచుదాకా చెప్పులతో వెళ్ళి, అక్కడ విప్పి మొక్కుకోండి. కాన్వాసు బూట్లు అయితే నీళ్ళలోకి కూడా వాటితోనే దిగవచ్చు, నత్తగుల్లలు గుచ్చుకోవు. ఇంటికొచ్చాక అరికాళ్ళు అద్దంలో చూసుకోండి.

ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది, పదింటి నుంచి నాలుగింటిదాకా ఒడ్డున ఉండకండి. గొడుగు కింద ఉన్నాంలే అనుకోవద్దు, పొడి ఇసక ఎండలోని అతినీల కిరణాల్లో నూటికి 15 వంతులు, అలల నురుగు 25 వంతులు తిరగకొడతాయి. ఎవరైనా ఎండదెబ్బకి మాట తడబడుతూ, తికమకగా ఉంటే బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్ళు పోసి విసురుతూ బయల్దేరదీయండి. స్పృహ లేనివాడి నోట్లో ఏదీ పొయ్యకండి.

ఆడవాళ్ళ విషయం ఒకటి మొహమాటం లేకుండా రాయాలి. ఒడ్డున మరుగుదొడ్లు ఉండవు, ఉన్నా అడుగుపెట్టేటట్టు ఉండవు. అంచేత వాళ్ళు పొద్దుట నుంచే నీళ్ళు తాగడం మానేస్తారు. ఎండలో నీళ్ళు లేక కళ్ళు తిరిగి పడిపోవడం, రెండు రోజులకి మూత్రంలో మంటా, జ్వరమూ. పెట్టెల నిండా తిండి సర్దే మగవాళ్ళు, దారిలో మంచి మరుగుదొడ్డి ఉన్న హోటలు ఎక్కడుందో చూసుకుని, రెండు గంటలకోసారి ఆడవాళ్ళనీ పిల్లలనీ అక్కడికి తీసుకెళ్ళే ఏర్పాటు చేస్తే ఆ ఐసు పెట్టె కంటే పుణ్యం. సరుగుడు తోటలు ఉన్నది అందుకు కాదు. అక్కడ కూర్చున్న చోటి నుంచే కొద్ది రోజులకి ఎవరి పిల్లలో కొంకిపురుగులు అంటించుకుంటారు.

తిండిలో నాకు పులిహోర మీద ఉన్న గౌరవం బిర్యానీ మీద లేదు. వండిన అన్నం వెచ్చగా మూతపెట్టి గంటల తరబడి ఉంచితే అందులో ఒక రకం సూక్ష్మజీవి పెరిగి విషం తయారుచేస్తుంది. మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. తిన్న కొద్ది గంటల్లో వాంతులు. చింతపండు పులుపులో ఆ జీవి అంత తేలిగ్గా పెరగదు. ప్రయాణానికి పులిహోర కట్టిన మన ముసలమ్మలు సూక్ష్మదర్శిని చూసినవాళ్ళు కారు గాని, సరిగ్గానే కట్టారు. కొబ్బరి పచ్చడి అన్నిటికంటే ముందు చెడుతుంది, దాన్ని ఇంట్లోనే తినేసి రండి.

కార్తీక పౌర్ణమికీ, మాఘ పౌర్ణమికీ వచ్చేవాళ్ళకి విడిగా ఒక మాట. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ, పాటూ ఎక్కువ. సరిగ్గా జనం ఎక్కువగా దిగే రోజునే సముద్రం ఎక్కువగా ముందుకొచ్చి ఎక్కువగా వెనక్కి పోతుంది. పైగా కార్తీకం మన తీరానికి వాయుగుండాల కాలం. మోకాలి లోతులో కూర్చుని చెంబుతో పోసుకున్నా స్నానం స్నానమే. తడిసిన చీర కాళ్ళకి చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్ళు కూడా లేవలేరు. స్నానం చేసిన పాత బట్టలు నీళ్ళలో వదిలే అలవాటు వల్ల తర్వాత వచ్చేవాళ్ళ కాళ్ళకి అవే చుట్టుకుంటాయి. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్ళు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. ఆ ఇసక మీద జీపులు తోలకండి, ప్లాస్టిక్కు సంచులు వదలకండి. నీళ్ళలో తేలే సంచీని అవి జెల్లీ చేప అనుకుని మింగుతాయి.

జెల్లీ చేప అంటే గుర్తొచ్చింది. అది తగిలి మంట పుడితే ఇసకతో రుద్దకండి, మంచినీళ్ళు పొయ్యకండి, రెండింటివల్లా చర్మానికి అంటుకున్న విషపు తిత్తులు మరిన్ని పగులుతాయి. సముద్రపు నీళ్ళతోనే కడిగి, అంటుకున్న పోగులని చిమటాతో తీసేసి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో 20 నిమిషాలు ఉంచండి. ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం వస్తే వెంటనే ఆస్పత్రికి.

మరైతే ఏం తీసుకెళ్ళమంటారు అని మా ఆవిడే అడిగింది, ఆవిడ చాపా, కుర్చీలూ లేకుండా ఎక్కడికీ కదలదు. మనిషికి రెండు లీటర్ల తాగేనీళ్ళు, ఒక టోపీ, ఒక జత బట్టలు, కాళ్ళకి చెప్పులు, ఒక ఈల, చెత్త తిరిగి తీసుకుపోవడానికి ఒక ఖాళీ సంచీ. సొమ్ములు ఇంట్లో పెట్టి రండి. కారు తాళం డ్రైవరు మొలతాడుకి ఉండాలి. అవునూ, ఒకటి మాత్రం ఎంత బరువైనా తెచ్చుకోండి, ఆ నీళ్ళ డబ్బా. ఖాళీ అయ్యాక పారెయ్యకండి. 5 లీటర్ల డబ్బా మూత గట్టిగా బిగిస్తే ఒక మనిషి తల నీళ్ళపైన నిలుపుతుంది, 20 లీటర్లదైతే చెప్పక్కర్లేదు. ఎవరైనా మునుగుతుంటే ఈత రానివాళ్ళు దూకకండి. ఒకణ్ణి తియ్యబోయి ముగ్గురు పోయిన ఇళ్ళు నాకు తెలుసు. డబ్బా చెవికి తాడో, చీరో కట్టి విసిరి, ఒడ్డు నుంచి లాగండి.

చీరాల నుంచి ఒక పాఠకురాలు సముద్ర స్నానం తర్వాత చెవిలో నీళ్ళు ఉండిపోయి దిబ్బడేస్తోంది, వేడి నూనె పొయ్యవచ్చా అని అడిగారు. వద్దమ్మా. తల ఆ పక్కకి వంచి, చెవి తమ్మెని అటూ ఇటూ లాగండి, కారిపోతుంది. పుల్లలూ, పిన్నులూ పెట్టకండి. రెండు రోజుల తర్వాత కూడా నొప్పి ఉన్నా, చీము కారినా చెవి డాక్టరుకి చూపించండి. కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ళు మాత్రం సముద్రంలో తల ముంచకూడదు.